కాల్చని కుండకు నూటికి నూరు

హస్తకళా స్వచ్ఛతా మండలి వారూ, దొంతులగూడెం చెరువులో ఈ ఏడు కుమ్మరి మట్టి నీళ్ల కింద పడిపోయిందంటే ఆ పాపం మీది. వానది కాదు. వాన ఒక రోజు అటూ ఇటూగా దాని వేళకే అది వచ్చింది. మిరుగం లోపల, అంటే మృగశిర కార్తె లోపల ఇవ్వాల్సిన ఒక్క కాగితాన్ని మీరు నాలుగు నెలలు నాన్చారు. ఎందుకు నాన్చారో నేను దగ్గరుండి చూశాను. మీరు మరిచిపోయినట్టు నటిస్తారు కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

ముందు మట్టి సంగతి. మీ ఆఫీసులో మట్టి అంటే బూట్లకు అంటేది. మా ఊళ్లో మట్టి అంటే చెరువు పడమటి మూలన ఎండాకాలంలో మాత్రమే బయటపడే నల్ల బంకమన్ను. కుమ్మరి వాడలో తొమ్మిది ఇళ్లున్నాయి. చెరువు ఎండగానే ఆ మూల తవ్వి, మిరుగం కార్తె రాకముందే ముప్పై ట్రాక్టర్ల మన్ను వాడకు చేర్చుకుంటే ఏడాదంతా చేతికి పని. ఆషాఢంలో బోనం కుండలు, పెళ్లిళ్లకు ఐరేని కుండలు, వేసవికి చల్లనీళ్ల రంజన్లు, అన్నీ అందులోంచే. ఒక్క గట్టి వాన పడిందా, ఆ మూల మనిషి లోతు మునుగుతుంది. మళ్లీ తేలేది వచ్చే ఎండాకాలానికి. ఇక్కడ కష్టం ఒక్కటే, వాన కంటే ముందు మట్టి రావాలి. ఇంతకంటే పెద్ద కోరిక ఎవరూ కోరలేదు.

ఇప్పుడు మీ సంగతి.

పోయిన సంవత్సరం మండలి డైరెక్టరు పరాంకుశం గారు హస్తకళల అధ్యయనం పేరుతో పద్నాలుగు రోజులు స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ, ఫ్రాన్స్ తిరిగొచ్చారు. ఎక్కడా కుండ చూసినట్టు నివేదికలో లేదు. రొట్టె చూశారు. జున్ను చూశారు. సబ్బు చూశారు. ఒక ఐస్‌క్రీము బండి ముందు నిలబడి ఫొటో దిగారు. అన్నిటి మీదా ఒకటే మాట రాసి ఉందట. స్పెయిన్‌లో ఆర్తెసనాల్, పోర్చుగల్‌లో ఆర్తెజనాల్, ఇటలీలో ఆర్తిజనాలె, ఫ్రాన్స్‌లో ఆర్తిజనాల్. చేతిపనివాడు చేసింది అని అర్థం. "నాలుగు దేశములు, నాలుగు భాషలు, ఒకే విశేషణము. ఇది యాదృచ్ఛికము కాజాలదు" అని నివేదిక పదిహేడో పేజీలో రాశారు. ఆ నాలుగు భాషలూ ఒక తల్లి బిడ్డలని, అట్ట చిరిగిన లైబ్రరీ పుస్తకం చదువుకున్న నాకే తెలుసు. అక్కాచెల్లెళ్ల ముక్కులు ఒకేలా ఉన్నాయని ఆయన ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోయి ఊరుకుంటే మాకేం బాధ లేదు. నాలుగు దేశాలు తిరిగి, ఒక విశేషణం కొనుక్కొచ్చి, మా నెత్తిన దింపారు.

దిగగానే ఆ మాటకు తెలుగు వెతకడానికి కమిటీ వేశారు. కమిటీ పదకొండుసార్లు కూర్చుంది. "చేతివృత్తి" అని ఒక సభ్యుడు అన్నాడట. ఆ మాటలో మన్ను వాసన, తోలు వాసన, నూనె వాసన వస్తున్నాయని, ఎగుమతికి పనికిరాదని కొట్టేశారు. చివరికి "స్వహస్త" అని ఖాయం చేశారు. ముద్ర గీయించారు. ఐదు వేళ్లు, చుట్టూ వరికంకి. వరికంకి ఎందుకో కమిటీకి కూడా తెలియదు. 

ముద్ర వచ్చాక నిబంధన వచ్చింది. నాలుగు (బి): "ముడిపదార్థ సేకరణ మొదలు తుది రూపము వరకు ఉత్పత్తి ప్రక్రియ యావత్తు మానవ హస్తము చేత, హస్తము మాత్రము చేత, నిర్వహింపబడవలెను." తనిఖీలో వందకు అరవై వస్తేనే ముద్ర. ముద్ర ఉంటేనే చేతివృత్తి కార్డు. కార్డు ఉంటేనే చెరువు మట్టికి అనుమతి. పేరు మాత్రం స్వహస్త కార్డు కాదు, పాత కార్డే, పాత చేతివృత్తే. వాసన పోలేదు. తాళాలు మాత్రం మూడు పడ్డాయి.

ఫిబ్రవరిలో మా ఊరికి ధ్రువీకరణాధికారి వచ్చాడు. పేరు శ్రీకర్. చేతిలో పలక లాంటి ఫోను, అందులో మార్కుల పట్టిక. తొమ్మిది ఇళ్లకూ ఒక నమూనా ఇల్లు చాలన్నాడు. వాడ పెద్ద సాంబయ్య ఇల్లు చూపించారు. సాంబయ్యకు అరవై రెండేళ్లు. ఆయన తీసిన కుండను వేలి కణుపుతో కొడితే ఖంగుమంటుంది. ఆ మోత విని ఏ ఇంటి ఆములో కాలిందో, ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేస్తాడు. ఆము అంటే కుండలు పేర్చి కాల్చే బట్టీ.

శ్రీకర్ లోపలికి రాగానే కుండలు తీసే చక్రం, సారె, చూశాడు. "ఇదేంటండీ?"

"కరెంటు సారె సారూ. కుండ దీని మీదనే తీస్తం."

"అంటే యంత్రం."

"మీ మండలోల్లే ఇచ్చిండ్రు సారూ. అగో, గోడకు ఫొటో."

ఫొటోలో సాంబయ్య దండ వేసుకుని బెదిరిపోయి నిలబడ్డాడు. పక్కన కరెంటు సారె మీద చెయ్యి వేసి నవ్వుతున్నది పరాంకుశం గారే. కింద "ఆధునికతే కుమ్మరికి ఊపిరి" అని అచ్చువేసి ఉంది.

శ్రీకర్ ఫొటోను దగ్గరికెళ్లి చూశాడు. "అది ఆధునికీకరణ విభాగం. ఇది స్వచ్ఛతా విభాగం. రెండు వేర్వేరు సెక్షన్లు" అని, ఇరవై మార్కులు కోసేశాడు.

పెరట్లో సాంబయ్య భార్య కనకలచ్చి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, నానబెట్టిన మన్నులో దిగి తొక్కుతోంది.

"అమ్మా, అదేం చేస్తున్నారు?"

"మన్ను తొక్కుతున్న బిడ్డా. రాళ్లు రప్పలు కాళ్లకు దొరుకుతయి."

"కాళ్లతోనా?"

"మరి తలకాయతోని తొక్కొస్తదా?"

పదమూడు మార్కులు పోయాయి. కాలు హస్తం కాదు.

సారె మీంచి తీసిన కుండకు అడుగుండదు. లోపల గుండ్రాయి ఆనించి, బయటినుంచి చెక్కతో తట్టి తట్టి మన్ను సాగదీసి అడుగు మూస్తారు. అరుగు మీద కూర్చుని సాంబయ్య కోడలు ఆ పని చేస్తోంది. రాయికి ఏడు, చెక్కకు ఏడు పోయాయి. అక్కడితో ఆగినా ఏదో ఒక దారి ఉండేది. వెళ్లేముందు శ్రీకర్, పట్టికలో ఉన్న ఆఖరి ప్రశ్న చదివాడు. "ఈ కుండ ఎవరు చేశారు?"

సాంబయ్య రెండు చెంపలూ వేసుకున్నాడు. "మాదేమున్నది సారూ. తిప్పేది సారె, గట్టిజేసేది అగ్గి. నడుమ మేం చెయ్యి వెడ్తం, గంతే."

ఈ వాడలో ఏ కుమ్మరిని అడిగినా ఇదే జవాబు. కుండ నేను చేశానని నోటితో అనరు. అంటే ఆములో కుండలు పగులుతాయని భయం. ఆము ముట్టించేముందు ఇంటిల్లిపాదీ చేతులు కడుక్కుని, "మా పని అయింది, ఇగ నీదే" అని అగ్గికి దండం పెడతారు. ఎదుటివాడు పొగిడితే తల దించుకోవడం మర్యాద అనుకునే మనుషులు వీళ్లు. ఎదుటివాడి చేతిలో మార్కుల పట్టిక ఉందన్న సంగతి వాళ్ల మర్యాదకు తెలియదు.

శ్రీకర్ ఫోను మీద వేలు గబగబా ఆడింది. "చేతులు కడుక్కుంటారా? ఏ దశలో?"

"అగ్గి వెట్టే ముంగట సారూ. తాతల సంది అంతే."

"ఆ తర్వాత మీ చేతులు ఉత్పత్తిని తాకవన్నమాట."

"నిప్పుల చెయ్యి వెట్టేటోడు ఎవడుంటడు సారూ."

అది వాంగ్మూలమైంది. కింద సాంబయ్యతో వేలిముద్ర వేయించాడు. ఆ ఒక్క రోజు నేను ఊళ్లో లేను, ఇదంతా తర్వాత కనకలచ్చి చెప్పిందే. ఉంటే ఆ వేలు పట్టుకుని వెనక్కి లాగేవాణ్ణి.

నెలకు ఉత్తరం వచ్చింది. నూటికి పదకొండు. "తుది దశను దరఖాస్తుదారు స్వయముగా చేతులు కడుగుకొని అగ్నికి అప్పగించుచున్నట్లు ఒప్పుకొనియున్నందున, సదరు దశ బయటి సంస్థకు పని అప్పగించుట కిందకు వచ్చును."

ఆ కాగితం కనకలచ్చికి చదివి వినిపించాను. ఆమె అడిగింది. "బయటి సంస్థ అంటే ఏంది తమ్మీ?"

"మీ ఆమే."

"అది మా పెరట్లనే ఉన్నది గదా."

వాడ వాళ్లకు కాగితాలు రాసిపెట్టేది నేనే కాబట్టి అప్పీలూ నేనే రాశాను. అగ్గిపుల్ల గీసేది చెయ్యే కాబట్టి కాల్చడం కూడా చేతిపనే అని రాశాను. అగ్గిపుల్ల యంత్రోత్పత్తి అని జవాబొచ్చింది. చెకుముకి రాయితో ముట్టిస్తే సరేనా అని రాశాను. రాయి పనిముట్టు అని వచ్చింది. ఎండలో ఆరబెట్టుకోవచ్చా అని రాశాను. దాని మీద ఉపసంఘం వేసి, సూర్యుడు ప్రభుత్వ ఆస్తి కాదు, ప్రైవేటు సంస్థ కూడా కాదు కనుక తాత్కాలికంగా అనుమతిస్తున్నామని వచ్చింది. తాత్కాలికంగా అన్న మాట కింద గీత గీసి మరీ పంపారు.

ఈ ఉత్తరాలు నడుస్తుండగానే మార్చిలో సాంబయ్య కరెంటు సారె మీద గోనెపట్టా కప్పి, తాతల నాటి కర్ర సారె అటక మీంచి దింపాడు. మళ్లీ తనిఖీ. ఆ సారెను కర్రతో తిప్పాలి. కర్ర హస్తం కాదు. ఏప్రిల్‌లో సారె మానేసి, మన్ను తాళ్లలా చుట్టి, వేళ్లతో నొక్కి కుండ చేశాడు. కనకలచ్చి చేతులతో మన్ను పిసికింది. మోచేతుల దాకా వాపులొచ్చాయి. రాయి లేదు, చెక్క లేదు, అడుగు బొటనవేళ్లతో మూశారు. ఆ కుండ ఎలా ఉందో చెప్పాలంటే, ఒక పక్కకు పక్షవాతం వచ్చినట్టుంది. దానికి యాభై ఎనిమిది మార్కులు వచ్చాయి. రెండు తక్కువ. కాల్చారు కాబట్టి.

"కాల్చకండి" అని శ్రీకర్ సలహా ఇచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. పట్టికలో ఉన్నదే మాట్లాడతాడు. "కాల్చకపోతే ఆ పద్దు మొత్తం మీకే వస్తుంది. పైగా పరాంకుశం సార్ మే నెలాఖరున పట్నంలో స్వహస్త మేళా పెడుతున్నారు. ఒక కుమ్మరి నమూనా కావాలి."

సాంబయ్య లేచి నిలబడ్డాడు. "కాల్చనిది కుండెట్లైతది సారూ? అది ఎండిన బురద."

"కుండ అవునా కాదా అన్న పద్దు పట్టికలో లేదండీ."

ఆ కాల్చని దాన్ని సాంబయ్య ముందుంచుకుని పూటంతా కూర్చున్నాడు. అలవాటుగా వేలి కణుపుతో కొట్టాడు. తప్పుమంది. తుండుగుడ్డ దాని మీద కప్పేశాడు, ఎవరూ చూడకుండా.

"నా అయ్య ఉంటే దీన్ని నా నెత్తి మీదేసి పగులగొట్టేటోడు" అన్నాడు.

"మీ అయ్య ఉంటే ఆయనక్కూడా కార్డు లేకుండె" అంది కనకలచ్చి. "అది నీళ్ల కోసం గాదు, కాయితం కోసం. ఎండలు దిగుతున్నయి. పెట్టు."

పెట్టాడు. నూటికి నూరు వచ్చాయి. మండలి చరిత్రలో మొదటిసారి.

మే ఇరవై తొమ్మిదిన పట్నం పోయాం. సాంబయ్య, కనకలచ్చి, నేను. చల్లటి హాలు. మట్టిరంగు లాల్చీలు వేసుకున్న ఆఫీసర్లు. వేదిక మీద పట్టుగుడ్డ పరిచిన బల్ల, దాని మీద మా ఎండిన బురద, మెడలో మల్లెదండ. ముఖ్య అతిథిగా ఎవరో పెద్ద హోదా ఆవిడ వచ్చింది. పరాంకుశం గారు మైకు పట్టుకున్నారు.

"నేను నాలుగు దేశాలలో ఒకే విశేషణాన్ని దర్శించాను. ఆ విశేషణానికి తగిన విశేష్యం నేటి వరకు మన గడ్డపై లభించలేదు. నేడు లభించింది. యంత్రం తాకనిది, పనిముట్టు సోకనిది, అగ్ని సైతం ముట్టనిది ఈ భాండం. ఇందులోని జలాన్ని మన ముఖ్య అతిథి గారు తొలిసారిగా స్వీకరిస్తారు."

ప్లాస్టిక్ సీసా మూత తిప్పి నీళ్లు పోశారు. సాంబయ్య కళ్లు మూసుకున్నాడు. ఆయనకు తెలుసు ఎంతసేపు పడుతుందో. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. సంప్రదాయం గురించి రెండు ముక్కలు, మహిళల గురించి రెండు ముక్కలు. మూడో ముక్కకు కుండ నడుము జారింది. తర్వాత అంచు వంగింది. మల్లెదండ మునిగింది. నల్లగా ఒక ధార పట్టుగుడ్డ దాటి, బల్ల దాటి, ఆవిడ ఒళ్లో పడింది.

మండలి పరువు అక్కడితో పోయిందని, కనీసం ఇప్పుడైనా నిబంధన మారుస్తారని నేను లోలోపల సంతోషించాను. నాదీ తెలివితక్కువతనమే. పరాంకుశం గారి ముఖం వెలిగిపోతోంది.

"గమనించారా. ఎంత వినమ్రంగా ప్రకృతిలో లీనమైపోయిందో. ప్లాస్టిక్ వెయ్యేళ్లు మిగులుతుంది. స్వహస్త భాండం ఏడు నిమిషాలు. ఇది కదా పర్యావరణ నిబద్ధత."

చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి చీర దులుపుకుంటూ మెల్లగా అడిగింది. "మరి నీళ్లండీ?"

"జలధారణ అనేది భాండానికి ద్వితీయ ప్రయోజనం మాత్రమే మేడం."

సాంబయ్య మెడలో కండువా వేశారు. కార్డు ఇచ్చారు. "కళాకారుని స్పందన" అని మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు. ఆయన వెనక్కి తగ్గాడు. కనకలచ్చి మైకు తన వైపు తిప్పుకుంది.

"సారూ, మీరు దేశాలు తిరిగి రొట్టె చూసొచ్చిండ్రంట గదా."

"అవునమ్మా. ఆర్తిజనాల్ రొట్టె. అద్భుతం."

"అది కాల్చిందా, పచ్చి పిండా?"

ఎవరో నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నారు. పరాంకుశం గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆయన జీవితంలో అదొక్కటే క్షణం అనుకుంటా.

"ఆ అంశం పర్యటన నివేదిక పరిధిలో లేదమ్మా" అని మైకు వెనక్కి తీసుకున్నారు.

తిరుగు బస్సులో కార్డు వెనుక చిన్న అక్షరాలు చదివాను. చదివి, వాళ్లిద్దరికీ వినిపించాను. "కార్డుదారు చెరువు మట్టిని నాలుగు (బి) ననుసరించి హస్తములతో మాత్రము సేకరింపవలెను. పార, గడ్డపార, గంప, ట్రాక్టరు వినియోగించినచో కార్డు రద్దగును. పర్యవేక్షణ: ధ్రువీకరణాధికారి." ముడిపదార్థ సేకరణ మొదలు అని నిబంధనలో మొదటినుంచీ ఉంది. మేమే కుండ దగ్గర ఆగిపోయాం. వాళ్లు ఆగలేదు.

"గంప గూడ వద్దన్నరా?" అంది కనకలచ్చి.

"గంప అల్లింది వేరే చేతులట వదినా. మీవి కావట."

శ్రీకర్ తీరిక చేసుకుని వచ్చేసరికి జూన్ నాలుగు. మిరుగానికి ఇక నాలుగు రోజులు. తొమ్మిది ఇళ్ల ఆడా మగా ముప్పైమంది చెరువు పడమటి మూలకు పోయారు. ఎండిన బంకమన్ను ఎలా ఉంటుందో బల్లల వెనుక కూర్చునేవాళ్లకు చెప్పాలి. బండ. గడ్డపార వేస్తే తిరిగి ఎగురుతుంది. దాన్ని వేళ్లతో గీకడం మొదలుపెట్టారు. గంటకు గోళ్లు లేచాయి. కొంగుల్లో, దోసిళ్లలో మోసి గట్టు మీద పోశారు. మధ్యాహ్నానికి అక్కడ ఒక పిల్లి పడుకునేంత కుప్పైంది.

కనకలచ్చి కాళ్ల దగ్గర దొరికిన పాత కుండ పెంకుతో గీకబోయింది. గొడుగు కింది నుంచి శ్రీకర్ అన్నాడు. "అమ్మా, అది పనిముట్టు."

"మా కుండ పెంకే బిడ్డా ఇది. మా మామ చేసిన కుండేమో."

"కాల్చిన పెంకు. పక్కన పెట్టేయండి, నేను రాయకముందే."

పెట్టేసింది.

అదే మూలకు వంద అడుగుల అవతల రెండు జేసీబీలు దిగి ఉన్నాయి. ఇటుక బట్టీ కాంట్రాక్టరువి. వారం నుంచి అదే నల్ల మన్ను బొచ్చెలతో, అంటే ముందున్న ఇనుప తొట్లతో, ఎత్తి లారీల్లో పోస్తున్నాయి. మా వాళ్లు దోసెడు తీసేలోగా అక్కడ లారీ నిండుతోంది. నేను శ్రీకర్ గొడుగు దగ్గరికి పోయాను.

"ఆయనకు నాలుగు (బి) లేదా?"

"ఆయన చేతివృత్తిదారు కాదు కదండీ" అన్నాడు శ్రీకర్, చిన్నపిల్లలకు చెప్పినట్టు. "కాబట్టి మా నిబంధన ఆయనకు వర్తించదు."

"ఆయన ఇటుకలు కాల్చేది అగ్గితోనే."

"ఆయన స్వహస్త అని ఎక్కడా చెప్పుకోలేదండీ."

"మట్టికి అనుమతి ఎవరిచ్చారు?"

"అడిగే అధికారం మా విభాగానికి లేదు. చేతులతో తవ్వేవాళ్లను అడిగే అధికారం ఒక్కటే ఉంది."

జేసీబీ నడిపే మనిషి ఎవరి బిడ్డో, అన్నం తినే మనిషి. మా వాళ్ల వేళ్ల నెత్తురు చూసి యంత్రం ఆపి, "పెద్దయ్యా, పది బొచ్చెలు గట్టు మీద ఏస్తా, ఎత్తుకపోండ్రి" అని అరిచాడు. సాంబయ్య శ్రీకర్ వైపు చూశాడు. శ్రీకర్ తల అడ్డంగా ఊపాడు. "తీసుకుంటే కార్డు పోతుంది సాంబయ్యగారూ. నూటికి నూరు వచ్చిన కార్డు. మళ్లీ రాదు."

పది బొచ్చెలంటే మూడు ట్రాక్టర్లు. తొమ్మిది ఇళ్లకు నెల పని. సాంబయ్య చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. ఆ కార్డు వచ్చే ఏడుకి కూడా కావాలని ఆయన లెక్క. ఇంకా మిమ్మల్ని నమ్ముతూనే ఉన్నాడు చూశారా, నాకు మీ మీద కంటే ఆ నమ్మకం మీద ఎక్కువ కోపం వచ్చింది.

నాలుగు రోజులు గీకారు. ఏడో తారీఖు మూడు గంటలకు తూర్పు నల్లబడింది. నాలుగింటికి వాన. మిరుగం ఒక రోజు ముందే వచ్చింది. ఆ వాన ఆగకుండా రెండు పగళ్లు కొట్టింది. శ్రీకర్ గొడుగు మడిచి జీపెక్కాడు. ఎక్కేముందు ఫోనులో రాసుకున్నాడు: అనుమతి అమలైనది, ఉల్లంఘనలు లేవు. జేసీబీలు గట్టెక్కి పోయాయి. నాలుగు రోజుల్లో మా వాళ్లు గట్టు మీద పోసిన మన్ను మూడు గంపలుంటుంది. ఆ మూడు గంపలూ వాన నీళ్లకు కరిగి మళ్లీ చెరువులోకే జారాయి. వినమ్రంగా. ప్రకృతిలో లీనమై.

ముప్పైమందీ గట్టు మీద తడుస్తూ నిలబడ్డారు. సాంబయ్య వంగి, చేరుతున్న నీళ్లలో చేతులు కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో నల్ల మన్ను, ఎర్ర నెత్తురు. కడుక్కుంటూ అలవాటుగా "మా పని అయింది" అన్నాడు. "ఇగ నీదే" అనడానికి ఎదురుగా అగ్గి లేదు. ఎవరితో అనాలో తెలియక అక్కడితో ఆపేశాడు.

ఆ రెండో ముక్క మీతో నేనంటాను. ఇక మీదే.

కాంట్రాక్టరు బట్టీ వెనకాల, నీలం పరదాల కింద, మా చెరువు మన్ను కొండంత ఉంది. నేను వెళ్లి చూశాను. ఇంకా ఇటుక కాలేదు. అందులోంచి ముప్పై ట్రాక్టర్లు కుమ్మరి వాడలో దింపించండి. మీ విభాగం, మీ పరిధి, మీ ఉపసంఘం నాకు చెప్పకండి. నాలుగు దేశాలు తిరగడానికి పరిధి అడ్డురాలేదు. బోనాలకు ఇరవై రోజులు లేవు. మన్ను నానాలి, తొక్కాలి, తీయాలి, ఆరాలి, కాలాలి. కాళ్లతో తొక్కుతాం, సారె మీద తీస్తాం, ఆములో కాలుస్తాం. నాలుగు (బి)ని చించి ఆ ఆములోనే వేస్తాం, కాగితం బాగా అంటుకుంటుంది. నిబంధన పోయేదాకా పరాంకుశం గారు తన ఆఫీసులో నీళ్లు నూటికి నూరు వచ్చిన కుండలోనే తాగాలి. ఒకటి మేమే పంపిస్తాం.

ఎల్లుండి పొద్దున్నే తొమ్మిది ఇళ్ల వాళ్లం ఆ బట్టీ దగ్గర ఉంటాం. పారలు, గడ్డపారలు, గంపలు పట్టుకునే వస్తాం. మన్ను మీరు తెచ్చి దింపుతారో, మేం ఎత్తుకుపోవాలో ఈలోపు తేల్చండి.